ఎంగిలి గాలి

ఆ సరుకు రవాణా కంపెనీలో ఆమెను పేరుపెట్టి పిలిచేవాళ్ళు లేరు. అందరికీ ఆమె స్వెట్టరక్క. ఎండలు మండిపోయే రోజుల్లోనూ ఊలు స్వెట్టరు తొడుక్కుని తిరిగే మనిషి ఆ ఆఫీసు మొత్తానికి ఆమె ఒక్కతే. కింది అంతస్తులోని సర్వర్ల గది ఆమె ఏలుబడిలో ఉంది. ఏ లారీ ఎక్కడుందో, ఏ మూట ఎవరికి చేరాలో ఆ గదిలోని కంప్యూటర్లకే తెలుసు. బీరువాలంత ఎత్తు ర్యాకులు రెండు వరసల్లో, రెండూ గుమ్మం వైపే ముఖం పెట్టి, బళ్ళో పిల్లల్లా నిలబడి ఉంటాయి. వాటికి వేడి పడదని గదిని మంచుగడ్డలా ఉంచుతారు.

స్వెట్టర్లు అల్లేది అత్తగారు. "మా కోడలికి ఆఫీసులో ఏసీ ఉంది" అని మొదట్లో వీధంతా చాటిన ఆవిడే, కొన్నాళ్ళకి "జీతమిచ్చి మరీ ఫ్రిజ్‌లో పెట్టారమ్మా దాన్ని" అనడం మొదలుపెట్టింది.

స్వెట్టరక్క అక్కడ చేరింది టైపు కొట్టడానికి. అప్పుడు ఆ గది మూలన ఉన్నవి రెండే రెండు కంప్యూటరు పెట్టెలు. వాటి పక్కన కూర్చునే మనిషి మానేస్తే, మరొకరు దొరికేదాకా చూసుకోమన్నారు. ఆ మరొకరు ఇప్పటికీ దొరకలేదు. రాత్రిబడిలో కోర్సు చదివింది, తిట్లు తింది, నేర్చుకుంది. పెట్టెలు పెరిగి గది నిండింది. ఇంట్లో పిల్లలకి జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యి వేసి చూసినట్టే, పొద్దున రాగానే ర్యాకుల పక్క రేకుల మీద చెయ్యి వేసి చూస్తుంది.

కొత్త మేనేజరు నోరు మెత్తన, పట్టు గట్టి. ఒకరోజు కరెంటు బిల్లు పట్టుకుని దిగాడు.

"మిగతా బిల్డింగంతా కలిపి ఎంత తింటోందో, మీ గది ఒక్కటే అంత తింటోంది మేడమ్. వేసవి అయ్యేలోగా మూడో వంతు తగ్గాలి. తగ్గకపోతే మెషిన్లన్నీ బయట అద్దె కేంద్రానికి పంపేద్దాం. మీరేం కంగారుపడకండి, పైన ఫిర్యాదుల కౌంటర్లో మీకు కుర్చీ వేయిస్తా."

ఫిర్యాదుల కౌంటరంటే పోయిన మూటల కోసం జనం వచ్చి బల్ల గుద్దే చోటు.

"పోనీలే, అక్కడ చలుండదుగా" అంది అత్తగారు ఆ సాయంత్రం.

"తిట్లుంటాయి అత్తయ్యా."

"తిట్లకి స్వెట్టరు అల్లలేను మరి."

నవ్వైతే వచ్చింది గానీ, స్వెట్టరక్కకి అన్నం సయించలేదు. తన చేతుల మీద పెరిగిన గది.

మర్నాడు ఏసీ మెకానిక్కుని వెంటబెట్టుకుని వేట మొదలుపెట్టింది. ముందు దొరికినవి దిక్కులేని మెషిన్లు. ఎవరివని అడిగితే అన్ని శాఖలూ తమవి కావన్నాయి, తీసెయ్యమనడానికి మాత్రం ఎవరికీ ధైర్యం లేదు.

"తీగ పీకెయ్యండక్కా" అన్నాడు మెకానిక్కు. "ఎవరిదో వాళ్ళే అరుస్తారు."

పీకింది. పై అంతస్తు నుంచి ఒకే ఒక్క కేక వచ్చింది, సెలవు దరఖాస్తులు పనిచెయ్యడం లేదని. ఆ ఒక్కటీ తిరిగి పెట్టింది. మిగిలినవాటి గురించి వారం గడిచినా అడిగిన పాపాన పోలేదు ఎవరూ.

"ఇన్నేళ్ళూ ఊరికే తిని కూర్చున్నాయన్నమాట. అచ్చం మా బావమరిదే" అన్నాడు మెకానిక్కు.

బిల్లు కొంత దిగింది, చాల్లేదు. ఇక మిగిలింది చలి తగ్గించడమే. ఏసీలని కాస్త మెత్తగా పెట్టేసరికి వెనక వరస వేడెక్కి కుయ్యోమని అరిచింది. ముందు వరసకి చీమ కుట్టినట్టైనా లేదు. ఒకే గది, ఒకే చలి, ఒకదానికి సుఖం, ఒకదానికి జ్వరం. ఉసూరుమంటూ మళ్ళీ చలి పెంచింది.

ఆ మధ్యాహ్నం భోజనాలకి లేచారు. ఆ ఆఫీసులో ఓ అలవాటుంది. పొద్దున రాగానే అందరూ తమ క్యారేజీలు తెచ్చి ముందు వరస ర్యాకుల వెనక, రెండు వరసల మధ్య ఉన్న బెంచీ మీద పెడతారు. మెకానిక్కు తన క్యారేజీ అందుకుని చెయ్యి విదిలించాడు.

"అబ్బా, పొయ్యి మీంచి దింపినట్టుందక్కా!"

స్వెట్టరక్క తన క్యారేజీ రెండు చేతులా పట్టుకుని నిలబడిపోయింది. అన్నాన్ని వేడిచేస్తున్న గాలి అక్కడితో ఆగడం లేదు. ఎదురుగా వెనక వరస ముఖం. ముందు వరస వదిలిన సెగనే అది పీలుస్తోంది. దాన్ని చల్లబరచడానికి గది మొత్తాన్నీ గడ్డకట్టిస్తున్నారు.

"ఇన్నాళ్ళూ దీనికి ఎంగిలి గాలి పెడుతున్నాం తమ్ముడూ."

"రోజూ ఇక్కడే క్యారేజీ పెట్టుకుని, నాకూ తట్టలేదు చూశారా" అన్నాడు మెకానిక్కు నెత్తి గోక్కుంటూ. "ముందు వరసని వెనక్కి తిప్పితే సరి. ముఖాలు రెండూ ఎదురెదురుగా ఉంటాయి, మధ్యలోకి చల్లగాలి వదులుదాం. సెగ అటూ ఇటూ గోడలవైపు పోతుంది."

మేనేజరు సరేనన్నాడు. అడ్డుపడింది కంపెనీ పెద్దాయన. వచ్చిన అతిథులకల్లా గుమ్మంలోంచి ఆ మిణుకు దీపాలు చూపించడం ఆయనకి సరదా. ర్యాకుల్ని అలా నిలబెట్టించిందీ ఆయనే.

"గుమ్మానికి వీపు చూపిస్తాయా నా మెషిన్లు? గుమ్మంలో అడుగుపెట్టినవాడికి వైర్ల చిక్కు కనపడాలా?"

"అతిథుల్ని గుమ్మంలోనే ఎందుకండీ నిలబెట్టడం?" అంది స్వెట్టరక్క. "లోపలికి తీసుకురండి. మధ్యలో నిలబడితే రెండు పక్కలా దీపాలే."

పెద్దాయన మీసం దువ్వుకున్నాడు. "రెండు పక్కలా?"

"రెండు పక్కలా."

వారపు సెలవునాడు ముందు వరసని ఒక్కొక్క ర్యాకు చొప్పున ఆపి, తిప్పి, మళ్ళీ వెలిగించారు. సెగ మళ్ళీ మధ్యలోకి రాకుండా ఖాళీ అరలకి అట్టలు బిగించారు. వరసల చివర ప్లాస్టిక్ తెరలు వేలాడదీశారు. తర్వాత స్వెట్టరక్క ఏసీలని మెత్తగా పెట్టింది. వెనక వరస కిక్కురుమనలేదు. సాయంత్రానికి ఏసీల్లో ఒకదాన్ని ఆపేశారు. అప్పటికీ అరవలేదు.

వేసవి దాటాక మేనేజరు బిల్లు పట్టుకుని మళ్ళీ దిగాడు. కౌంటర్లో కుర్చీ వేరేవాళ్ళకి వేయించానని మాత్రం చెప్పాడు. అంతకన్నా మంచి మాట స్వెట్టరక్క ఆ గదిలో ఎప్పుడూ వినలేదు.

చిక్కల్లా అత్తగారితోనే వచ్చింది. "అయితే ఈ సగం అల్లింది ఏం చెయ్యను?"

"చేతుల్లేకుండా ముగించెయ్యండి అత్తయ్యా. అంత చలి చాలు నాకు."

ఇక క్యారేజీల బెంచీ. సెగ ఎటు పోతే బెంచీ అటు పోయింది. ఇప్పుడది గుమ్మం పక్కకి వచ్చింది. పెద్దాయన అతిథులతో వస్తే ముందు కనపడేవి ఆ క్యారేజీలే. మొదటిరోజు ముఖం చిట్లించాడు, రెండోసారి చూడనట్టు దాటేశాడు. నిన్న పొద్దున బెంచీ చివర, మిగతావాటికి కాస్త ఎడంగా, వెండి రంగు కొత్త క్యారేజీ ఒకటి కనిపించింది. ఎవరిదని స్వెట్టరక్క అడగలేదు. సెగ బాగా తగిలే చోటికి జరిపి, తన పనిలో పడింది.