నీళ్ళు ఎవరి సబ్జెక్టు

సారు పోయారని సమ్మయ్య రాసిన ఉత్తరం నాకు అందేసరికి ఆయన దినాలు కూడా అయిపోయాయి. నేను క్వార్టర్ మారిన సంగతి సమ్మయ్యకు తెలియదు. ఉత్తరం పాత అడ్రసుకు వెళ్ళి, ఫ్యాక్టరీ గేటు దగ్గర కొన్నాళ్ళు పడి ఉండి, చివరకు నా చేతికి వచ్చింది. "సుగుణా, మన సారు పోయిండు. పొద్దుగాల సైకిల్ బయటికి తీస్తాంటె గుండె పట్టుకున్నదట. దవాఖానకు తీస్కపోయేలోపే అయిపోయింది. కొత్తవాడ నుంచి రంగుల పెద్దయ్య వచ్చిండు. నువ్వు రాలేదా అని అడిగిండు." అంతే రాశాడు. ఆ చివరి మాట రాయకపోతే బాగుండేదని ముందు అనిపించింది. అది రాసినందుకే ఇప్పుడు నేను ఇది రాస్తున్నాను.

డెబ్బైల నడుమ వరంగల్లులో ఇంజనీరింగ్ చదివే రోజుల్లో ఆయన మాకు సారు. పాఠాలు చెప్పేవారు అనడం పూర్తి నిజం కాదు, ఎక్కువగా అడిగేవారు. ప్రశ్న అడిగి, జవాబు వచ్చేదాకా తన చేతిగడియారానికి కీ ఇస్తూ నిలబడేవారు. క్లాసంతా నిశ్శబ్దంగా ఉంటే ఆ కిర్రుకిర్రు ఒక్కటే వినిపించేది. మా క్లాసు తెలివితేటలకు ఆ గడియారం ఎన్నాళ్ళు తట్టుకుంటుందో అని వెనక బెంచీల వాళ్ళు నవ్వుకునేవారు. ఇవాళ ఫ్యాక్టరీలో ఏ లెక్క తప్పినా నాకు ముందు వినిపించేది ఆ చప్పుడే.

ఆ రోజుల్లో కాలేజీలో ఎవరి బ్రాంచి వాళ్ళది. మెస్సులో మెకానికల్ వాళ్ళ బల్ల దగ్గర ఎలక్ట్రికల్ వాడు కూర్చుంటే అందరూ తలలు తిప్పి చూసేవారు. సారుకు ఇది నచ్చేది కాదు. కొత్తవాడలో జంపఖానాలు నేసే ఒక సొసైటీ వాళ్ళు ఆయన దగ్గరికి వచ్చి తమ కష్టం చెప్పుకున్నప్పుడు, మా మూడు బ్రాంచీల నుంచి ఒక్కొక్కరిని పిలిచారు. మెకానికల్ నుంచి సత్యనారాయణ, హన్మకొండలో బట్టల దుకాణం వాళ్ళబ్బాయి. ఎలక్ట్రికల్ నుంచి ములుగు సమ్మయ్య. కెమికల్ నుంచి నేను. మా నాయన నెక్కొండలో రైల్వే గ్యాంగ్‌మన్. ప్యాసింజర్ బండిలో వచ్చి పోయేదాన్ని.

సొసైటీ వాళ్ళ కష్టం ఏమిటంటే, ఎర్రచారల జంపఖానాను మొదటిసారి ఉతకగానే ఎరుపు దిగి, పక్కనున్న తెలుపంతా గులాబీ రంగుకు తిరుగుతోంది. కొన్నవాళ్ళు సరుకు వాపసు పంపుతున్నారు.

"సార్, రంగు దిగుడుకు ఎలక్ట్రికల్ ఎందుకు సార్?" అని సమ్మయ్య అడిగాడు.

"నాకు తెల్వది. అందుకే నిన్ను పిలిచిన" అన్నారు సారు.

ఆయన పద్ధతి వేరు. ముగ్గురికీ కలిపి ఒకటే నోటుబుక్కు. మొదటి నెల కొలతలు, లెక్కలు ఏమీ వద్దు, అక్కడి పని చేయాలి, చూసింది, విన్నది రాయాలి. అదీ ఎవరి సబ్జెక్టు వాళ్ళు రాయకూడదు. రంగుల సంగతి సమ్మయ్య రాయాలి, మగ్గం సంగతి నేను రాయాలి, నేను చేసిన పరీక్షల సంగతి సత్యనారాయణ రాయాలి. "నీకు తెల్సింది నువ్వే రాస్తె దాంట్ల నువ్వే కనపడ్తవు. తెల్వనోడు రాస్తె పని కనపడ్తది" అనేవారు. ఇంకో మాట తరచుగా అనేవారు. "తెల్వకపోతె తెల్వదని రాయి బిడ్డ. అది గూడ జవాబే." నా కొలువులో ఈ మాట ఎంతమంది పెద్ద ఇంజనీర్లకు చెప్పాలనిపించిందో చెప్పలేను.

అద్దకం షెడ్డు రంగుల పెద్దయ్యది. అంటే సొసైటీదే, కానీ ఆయన చెప్పిందే అక్కడ వేదం. మోచేతుల దాకా ఎప్పుడూ ఏదో ఒక రంగు ఉండేది. రంగుపొడిని అరచేతిలో పోసుకుని, జర వెనక్కి రాల్చి, మిగిలింది తొట్టిలో వేసేవాడు. త్రాసు లేదు, గిన్నె కొలత లేదు. ఆయన భార్యను మేము పెద్దమ్మ అనేవాళ్ళం. మేము ఎండలో నడిచి వచ్చేవాళ్ళమని షెడ్డు మూలన ఒక కుండ పెట్టి, చుట్టూ తడి గోనె చుట్టి ఉంచేది. సారు సైకిల్ దిగగానే ఆ కుండ దగ్గరకే వెళ్ళేవారు. తరువాత కుర్చీ వేసినా కూర్చోకుండా నూలు మూటల మీద కూర్చునేవారు. సాయంత్రం ప్యాంటు వెనక ఎరుపో, నీలమో అంటించుకుని ఇంటికి వెళ్ళి, మేము అమ్మ అని పిలిచే వాళ్ళావిడతో మాటలు పడేవారట.

నెల దాటాక పరీక్షలు మొదలుపెట్టాం. రంగుపొడి నేను చూశాను, మంచిదే. ఇక నీళ్ళు. షెడ్డు వెనక కొత్తగా తవ్విన బావి చుట్టూ మోకాలి లోతు బురద. నాకున్నవి రెండు చీరలు. షెడ్డులో ఉన్న నీళ్ళన్నీ ఆ బావివే కదా అనుకుని, కుండలో సీసా ముంచి కాలేజీకి పట్టుకెళ్ళాను. నీళ్ళు చాలా మంచివని తేలింది. సత్యనారాయణ అలాగే రాశాడు.

పొడి మంచిది, నీళ్ళు మంచివి, కనుక లోపం వేసే చేతిలో ఉందని రిపోర్టు తయారైంది. సంతకం పెట్టే ముందు సారు అందరినీ అడిగే మాటే నన్నూ అడిగారు.

"చూసినవా, అనుకున్నవా?"

"చూసిన సార్" అన్నాను. ల్యాబులో చూశాను కదా, అబద్ధం కాదనుకున్నాను.

వారం తిరగకముందే సొసైటీ కమిటీ పెద్దయ్యను రావద్దంది. త్రాసు పట్టుకుని ఇంకో ఊరి నుంచి ఒకాయన వచ్చాడు. పెద్దయ్య తన గడపలో కూర్చుని ఉండగా మేము ఆ దారినే వెళ్ళాల్సి వచ్చేది. ఆయన కోప్పడలేదు. "ఏం రాసిండ్రు బిడ్డ మీరు, నా చేతి గురించి?" అని ఒకసారి అడిగాడు. చేతులు ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు. వాటి మీది రంగు అప్పటికే వెలిసిపోతోంది. నేను బండి టైమయిందని చెప్పి వచ్చేశాను.

త్రాసు పెట్టి తూచి వేసినా ఎరుపు దిగుతూనే ఉందని సారుకు తెలిసింది. మమ్మల్ని పిలిచి కేకలేస్తారనుకున్నాం. ఆయన నోటుబుక్కు బల్ల మీద పెట్టి, మొదటి పేజీ నుంచి పైకి చదవమన్నారు. ఒకరు రాసింది ఇంకొకరు చదవాలి. మొదటి వారంలోనే సమ్మయ్య వంకర అక్షరాలతో రాసిన మాట నా వంతుకు వచ్చింది. "పెద్దయ్య చెప్పిండు: షెడ్డు మారి కొత్త బాయి పట్టినంక సబ్బు నురగ వస్తలేదు."

అది చదివి ఆగిపోయాను. ఎర్ర నూలును చివర సబ్బునీళ్ళలో ఉడికించి, పైపైన అంటుకున్న రంగును కడిగేయాలి. నురగే రాకపోతే ఆ రంగు నూలు మీదే ఉండిపోతుంది, కొన్నవాళ్ళ ఇంట్లో దిగుతుంది. మా ఇంట్లో కూడా ఉప్పునీళ్ళలో సబ్బు నురగ రాక మా అమ్మ తిట్టుకునేది. అది వంటింటి సంగతి అనుకున్నాను కాని నేను చదివే చదువు అనుకోలేదు.

"నీళ్ళు ఎవరి సబ్జెక్టు?" అని సారు అడిగారు.

సత్యనారాయణ నావైపు చూశాడు. రాసింది సమ్మయ్య కదా అని నేను సమ్మయ్య వైపు చూశాను. చెప్పింది పెద్దయ్య కదా అన్నట్టు సమ్మయ్య కిటికీలోంచి చూశాడు. సారు గడియారానికి కీ ఇస్తూ నిలబడ్డారు. తరువాత సైకిల్ తీశారు.

షెడ్డు నీళ్ళు ల్యాబులో మంచివనే తేలాయని మేము అంటుంటే, కొత్తవాడలో పెద్దమ్మ విని నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "అయ్యో, కుండల నీళ్ళు ఆ బాయివి కావు బిడ్డ. ఆ నీళ్ళల్ల పప్పే ఉడకది. ఎండల వడి వస్తాన్రు పిల్లలు అని నేను పాత షెడ్డు కాడి తియ్యబాయి నుంచి మోసుకచ్చి పోస్తాన్న" అంది. మా దాహం తీర్చడానికి ఆమె మోసిన నీళ్ళతోనే నేను ఆమె భర్త పని తీసేశాను.

కమిటీ ముందు సారు లేచి నిలబడ్డారు. "రిపోర్టు తప్పు. చూడకుండ సంతకం పెట్టిన, తప్పు నాది. పెద్దయ్య చేతిల ఏం లేదు, మీ కొత్త బాయిల ఉన్నది" అన్నారు. పెద్దయ్య తలుపు దగ్గర నిలబడి వింటున్నాడు. నేను గోడకు ఆనుకుని కూర్చున్నాను. లేచి చెప్పాలని ఉంది. పేదింటి పిల్ల, స్కాలర్‌షిప్ పోతుందేమో, నవ్వుతారేమో, అలాంటివే ఏవో అడ్డుపడ్డాయి.

బయటకు వచ్చాక, సైకిల్ నడిపించుకుంటూ వెళ్తున్న ఆయన వెనకే వెళ్ళి, "సార్, ఆ నీళ్ళు ముంచింది నేనే" అన్నాను.

"ఎరికె."

"మరి మీరెందుకు సార్..."

"సంతకం నాది గద." కొంచెం దూరం నడిచాక ఆగారు. "నువ్వు చెప్పాల్సింది నాకు గాదు. పెద్దయ్యకు. నేనైతె తోలుకపోను. నీకు ఎప్పుడు పోబుద్దయితె అప్పుడు పో."

పెద్దయ్య మళ్ళీ తొట్టి దగ్గరకు వచ్చాడు. సమ్మయ్య తియ్యబావి మీద చిన్న మోటారు పెట్టించాడు, సత్యనారాయణ షెడ్డు దాకా పైపు వేయించాడు, చివరి రెండు కడుగుళ్ళకు మాత్రం ఆ నీళ్ళు చాలని నేను తేల్చాను. ఎలక్ట్రికల్ ఎందుకో సమ్మయ్యకు అప్పుడు తెలిసింది. అందరూ మా ముగ్గురినీ మెచ్చుకున్నారు. పెద్దమ్మ ఆ రోజు కూడా కుండ నింపి పెట్టింది. నేను ఆ నీళ్ళు తాగలేకపోయాను. పరీక్షలయ్యాక చెబుదామనుకున్నాను, ఉద్యోగం వచ్చాక మిఠాయి పట్టుకుని వెళ్ళి చెబుదామనుకున్నాను. అలా పన్నెండేళ్ళు గడిచిపోయాయి.

సారు ఏడాదికి ఒకటి, రెండు ఉత్తరాలు రాసేవారు. నా ఆరోగ్యం, నా పని అడిగేవారు. చివర ఎప్పుడూ ఒకటే మాట. "కొత్తవాడల ఎరుపు నిలుస్తాంది." అది కబురు కాదని, పిలుపని నాకు తెలుసు. తెలియనట్టే జవాబు రాసేదాన్ని. ఇప్పుడు ఆ చేతిరాత కోసం పోస్టుమన్ సంచి వైపు చూడటం మానుకోలేకపోతున్నాను. ఆయన్ను ఒక్కసారి చూడాలని ఉంది. గట్టిగా తిట్టించుకోవాలని ఉంది. ఆయన ఎప్పుడూ తిట్టలేదు, అదే బాధ.

ఉత్తరం అందిన మర్నాడే వరంగల్లు బండెక్కాను. సారు ఇంట్లో సైకిల్ వరండాలోనే ఉంది. అమ్మ నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. తరువాత, "కొత్తవాడ పోయి వచ్చినవా?" అని అడిగింది. లేదన్నాను. "పోయిరా మరి. అన్నం ఇక్కడనే తిందువు" అంది.

పెద్దయ్య ముసలివాడైపోయాడు, కానీ తొట్టి వదల్లేదు. పెద్దమ్మ గుర్తుపట్టి పీట వేసింది. నేను కూర్చోలేదు. నిలబడే చెప్పాను. ఆ నీళ్ళు ముంచింది నేనని, బురదకు వెరిచి కుండలో ముంచానని, అడిగితే చూశానని చెప్పానని, సారు తన మీద వేసుకుంటుంటే ఊరుకున్నానని.

"ఎరికె బిడ్డ" అన్నాడు పెద్దయ్య. "నువ్వు సీస ముంచుకుంటాంటె మా ముసల్ది చూసింది. కమిటీ అయినంక సారును అడిగిన, తప్పు నీదంటివి గద సారూ, ముంచింది ఆ పిల్లనాయె అని. ఆమెనే వచ్చి చెప్తది, అప్పటిదాక నీకు తెల్వనట్టే ఉండు అన్నడు."

"ఇన్నేండ్లు?"

"వచ్చినప్పుడల్ల నేను అడుగుడే, ఇంకా రాలేదేంది సారూ అని. ఆయన ఆ నూలు మూట మీద కూసోని గడియారం తిప్పుకుంటుండె. వస్తది, ఫికర్ చెయ్యకు అంటుండె. మొన్న నెలల గూడ అన్నడు."

ఇక నేను ఏడుపు ఆపుకోలేదు. ఆయన నన్ను ఓదార్చలేదు, పని చూసుకున్నాడు. చివరి కడుగుడు తొట్టిలోంచి పొడుగ్గా చుట్టిన ఎర్ర నూలు చిలప ఒకటి పైకి తీసి, దాని కొస నావైపు చాపాడు. పిండాలంటే ఇద్దరు కావాలి.

"ఇట్ల పట్టుకో. ఆ కొస సారు పట్టుకునేటోడు."

చీర కుచ్చిళ్ళు తడుస్తున్నా చూసుకోలేదు. రెండు చేతులతో పట్టుకుని ఆయన ఒకవైపు, నేను ఒకవైపు మెలిపెట్టాం. ఎర్రటి నూలు బిగుసుకుంది. అందులోంచి కారి నా కాళ్ళ మీద పడిన నీళ్ళు తేటగా ఉన్నాయి.