అటక కింద మంచం

2013 వేసవి. టెక్కలిలో నా ప్లైవుడ్ దుకాణం అప్పటికి నిలదొక్కుకుంది. ఒకరోజు నౌపడ వైపు నుంచి నూకాలమ్మ అనే చేపలమ్మే ఆవిడ వచ్చింది. ఇంట్లో వలలు పెట్టుకోవడానికి అటక వేయించాలట.

తెల్లగా మెరిసే పార్టికల్ బోర్డు దగ్గర ఆగి, బొటనవేలితో నొక్కి చూసింది. చేప తాజాదో కాదో అలాగే చూస్తారు.

"ఇదే ఇయ్యి బాబూ. ఏలు దిగనేదు," అంది.

నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాను. పార్టికల్ బోర్డంటే చెక్కపొట్టును జిగురుతో కలిపి అదిమి చేసిన పలక. నొక్కితే గట్టిగానే ఉంటుంది. అటకకి కావలసింది బెండింగ్ స్ట్రెంగ్త్, అంటే చివర్లు మాత్రమే ఆనించి మధ్యలో బరువు పెట్టినా విరగకుండా ఓర్చుకునే బలం. మాటలతో వినేలా లేదని, ఒకే మందం ఉన్న బోర్డు ముక్కనీ ప్లైవుడ్ ముక్కనీ ఇటుకల మీద వేసి తొక్కమన్నాను. బోర్డు పుటుక్కున విరిగింది. ప్లైవుడ్ కాస్త వంగి, కాలు తీయగానే సర్దుకుంది.

సంతోషిస్తుందనుకుంటే ఆవిడ ముఖం చిన్నబోయింది.

"ఇది మట్టి రంగు బాబూ. మా అత్త మంచం ఆ అటక కిందే ఉంటాది. కాళ్ళు పడిపోయి లెగనేదు. రోజల్లా పైకే సూస్తాది. తెల్లగా అవుపడాలని నా ఆశ."

"మంచం పక్కకి జరపకూడదామ్మా?"

"కిటికీ గాలి అక్కడే తగుల్తాది."

తడి వలల బరువు తలచుకుంటే నాకు భయం వేసింది. ప్లైవుడ్‌కే తెల్ల మైకా, అంటే పలచటి నున్నని షీటు, అతికిద్దామన్నాను, అదీ రెండు వైపులా. ఒకవైపే అతికిస్తే పలక వంకర తిరుగుతుంది. పై పొరలోని చెక్క చారని ఫేస్ గ్రెయిన్ అంటాం. అది ఈ గోడ నుంచి ఆ గోడకి సాగేలా వేస్తేనే పలకకి పూర్తి బలం. మైకా కింద చార కనబడదు కాబట్టి, వడ్రంగి పొరబడకుండా సుద్దతో బాణం గీసి పంపాను.

కొన్నాళ్ళకి అటు వెళ్తూ వాళ్ళింట్లో ఆగాను. అటక నిండా వలలు. పలక ఎక్కడా వంగలేదు. కింద మంచం మీద ముసలామె తీరిగ్గా పడుకుని ఉంది.

"సెక్క కొట్టు బాబువా? నా కోడలు నన్ను ఎంటనే పడుకోనిచ్చిందేటి? వలలన్నీ ఎక్కించేసి, ముందు తనే ఈ మంచం మీద పడుకున్నాది," అంది మురిపెంగా.

"నా మాట నమ్మలేదా?" అన్నాను నూకాలమ్మతో.

"నమ్మాను బాబూ. అయినా అత్త కదా," అంది చేప పొలుసు గీస్తూనే.

నాకు కోపం రాలేదు, కడుపు నిండినట్టయింది. అప్పటినుంచి అటకకని పలక అడిగినవాళ్ళని, పైన ఏం పెడతారనే కాదు, కింద ఎవరుంటారనీ అడుగుతున్నాను.