బీరువాలో మోగిన ఫోను

సిరిసిల్లలో సాంచాల మోత మధ్య పుట్టి పెరిగినదాన్ని. ఆ మరమగ్గాల చప్పుడును మించి అరిస్తే తప్ప మా ఇంట్లో అన్నం కూడా దొరికేది కాదు. అందుకే మెల్లగా మాట్లాడటం నాకు చేతకాదు. ఇప్పుడు జగిత్యాలలో కాపురం, కోరుట్ల దగ్గర ఒక ఊళ్లో సర్కారు బడిలో సైన్సు టీచరు ఉద్యోగం. నేను బస్సెక్కితే కండక్టరుకు చిల్లర వెంటనే దొరుకుతుంది.

ధ్వని పాఠం మొదలైనప్పుడు తొమ్మిదో తరగతి పిల్లలను ఇంట్లో ఉన్న ఫోన్లు తెమ్మన్నాను. చప్పుడు ఎంత పెద్దదో గీత గీసి చూపించే యాప్ ఒకటుంది. పుస్తకంలో పడుకున్న గీత, చప్పట్లు కొడితే ఫోన్లో లేచి కూర్చుంటుంది. ముగ్గురికో ఫోను పంచుకుని, పళ్లేల మీద గరిటెలతో వాయిస్తూ, బడిగంట దగ్గరికి పరుగులు తీస్తూ ఒకటే గోల. ఎప్పుడూ వెనక బెంచీలో కునికే వాళ్లు ముందుకొచ్చి నిలబడ్డారు. అంతకంటే ఏ టీచరుకైనా ఏం కావాలి?

బడి కమిటీ పెద్దమనిషికి మాత్రం అది కంట్లో నలుసయింది. ఒకప్పటి దొరల ఇంటివాడు. తన మనవరాలు హైదరాబాదులో ట్యాబు మీదే చదువుతోందని వచ్చినప్పుడల్లా గొప్పగా చెప్పుకునేవాడు. బీడీలు చుట్టే ఇళ్ల ఆడపిల్లల చేతికి ఫోనొస్తే మాత్రం ఊరు పాడవుతుందట. మగపిల్లల సంగతి ఎత్తడు. తమకో నీతి, ఎదుటివాళ్లకో నీతి ఏమిటని ఆయన ముందే అడిగాను. హెడ్మాస్టరు నన్ను కళ్లతోనే బతిమాలాడు.

ఒక శుక్రవారం పాఠం మధ్యలో ఒక పిల్ల దగ్గరున్న ఫోను మోగింది. వాళ్ల నాన్న సౌదీలో పనిచేస్తాడు. ఆయనకు సెలవు శుక్రవారమే, వీడియో కాల్ ఆ రోజే. ఈ పక్క ఎన్నో ఇళ్లకు శుక్రవారమంటే అదే. మాట్లాడి రమ్మని నేనే వరండాలోకి పంపాను. సరిగ్గా అప్పుడే పెద్దమనిషి గేటు దాటి వచ్చాడు. ఆయనకు కనిపించింది నవ్వుతున్న ఆడపిల్ల, తెర మీద గడ్డం పెరిగిన మగవాడు. తండ్రి ఏళ్ల కింద వెళ్లినవాడు, చిక్కి సగమయ్యాడు, ఈయన ఆనవాలు పట్టలేదు. ఫోను గుంజుకుని కట్ చేశాడు. హెడ్మాస్టరు గదిలో బీరువాలో పెట్టించి తాళం వేయించాడు. తల్లికి కబురు పంపాడు.

పిల్ల ఎంతకీ రాకపోతే వెతుక్కుంటూ నేను ఆ గదికి పోయేసరికి, పిల్లను పక్కన పెట్టుకుని తల్లి గోడవారన నిలబడి ఉంది. చేతులకు ఇంకా తంబాకు పొడి. ఆ మాట్లాడింది తన పెనిమిటేనని ఆమె చెబుతుంటే, దొరికినవాళ్లంతా అట్లాగే అంటారని కొట్టిపారేశాడు పెద్దమనిషి. రేపటి నుంచి పిల్లను బడి మానిపించమన్నాడు. అంతలో బీరువాలో ఫోను మోగింది. ఆగింది. మళ్లీ మోగింది. మాట్లాడుతుండగా బిడ్డ ముఖం మాయమైతే, అంత దూరాన ఉన్న తండ్రి ఏమనుకోవాలి? నాకు ఒళ్లు మండిపోయింది. తాళంచెవి ఇమ్మన్నాను. హెడ్మాస్టరు పెద్దమనిషి వైపు చూశాడు.

"ఆయన మొకం ఎందుకు చూస్తరు సార్? చెవి ఇయ్యకుంటే బీరువా పలగ్గొడ్త. మెమో ఇస్తరా, ఇయ్యండి, తీసుకుంట."

నా గొంతుకు తరగతి మొత్తం వరండాలోకి వచ్చేసింది. తాళంచెవి కూడా వచ్చింది. మోగుతున్న ఫోను ఎత్తాను. రెండంతస్తుల మంచం మీద ఒక మనిషి, చెమట పట్టిన ముఖం.

"మేడం, నా బిడ్డకేమైంది?"

"ఏం కాలే అన్నా. మంచిగున్నది. ఫోన్ తెమ్మన్నది నేనే."

ఫోను పిల్ల చేతికిచ్చాను. పెద్దమనిషి అయినా తగ్గలేదు. తండ్రయితే అయ్యాడు, బడికి ఫోను తెచ్చినందుకైనా మానాల్సిందేనన్నాడు. తల్లి తల వంచుకుంది. పిల్ల కళ్లు తుడుచుకుని, ఫోను తెరను ఆయన వైపు తిప్పింది.

"గా మాట మా బాపుతోని చెప్పుండ్రి."

ఆయన తెర వైపు చూశాడు. తండ్రి కూడా ఆయననే చూస్తూ, ఏం చెబుతాడా అని ఎదురుచూశాడు. పెద్దమనిషి తెర మీంచి చూపు తిప్పుకున్నాడు. కండువా సర్దుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు ఆ పిల్ల బడికి వచ్చింది, ఫోను తీసుకునే.