గూడ్సు బండి నేర్పిన ఇంగ్లీషు

ఆ రోజుల్లో ఇంగ్లీషొకటి వస్తే చాలు, ఇక బతుకంతా ఏసీ గదిలోనే అని మా కంచరపాలెం ఆడపిల్లలకు గట్టి నమ్మకం. నాకైతే మరీను. సీతమ్మధారలో ఒక క్లినిక్కులో రిసెప్షన్ ఉద్యోగం ఉందని, ఇంగ్లీషులో నాలుగు ముక్కలు మాట్లాడితే ఇచ్చేస్తారని పిన్ని చెప్పినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. అంతకుముందు వెళ్లిన చోటల్లా "మై నేమ్ ఈజ్" దగ్గరే ఆగిపోయి తిరిగొచ్చాను. ఇదీ పోతే మేనత్త కొట్లో చీరలు మడతపెట్టడమే.

మా స్పోకెన్ ఇంగ్లీషు సారు (మేం పెట్టిన పేరు మీనింగుల మాస్టారు) ఒక్కో మాటనీ దాని పిల్లాజెల్లాతో సహా అప్పజెప్పించేవారు. ఆ వారం నేచర్ వంతు. నేచరంటే ప్రకృతి అన్నారు, బాగుంది. మనిషి స్వభావమూ అదేనన్నారు, సరే. నేచురల్ అంటే సహజం, గుడ్‌నేచర్డ్ అంటే మంచి మనసున్న మనిషి, సెకండ్ నేచర్ అంటే అలవాటై ఒంట్లో ఇంకిపోయింది. బుర్రకెక్కితేగా! చివరికి ఇంట్లోవాళ్లకే తలా ఒకటి తగిలించాను. పోర్టులో పనిచేసే నాన్న, దారినపోయే ప్రతివాణ్ణీ "రా బావ, టీ తాగుదాం" అంటాడు కాబట్టి గుడ్‌నేచర్డ్. పొద్దున్నే అమ్మ అరుపులు నేచురల్ అని పైకే అనేశాను.

"నన్నేటే అంతన్నావ్? అది..." అంటూ అమ్మ గరిటె ఎత్తేసరికి గూడ్సు వచ్చింది. ఎత్తిన గరిటె ఎత్తినట్టే ఉంది. బండి వెళ్లాక "...తిట్టా?" అని పూర్తిచేసింది. (పట్టాల పక్క ఇల్లు మాది. గూడ్సొస్తే మాట ఎక్కడిదక్కడ ఆపేసి, వెళ్లాక అక్కడి నుంచే అందుకుంటాం.)

ఇంటర్వ్యూలో డాక్టరమ్మ నా గురించి చెప్పమన్నారు. "మై ఫాదర్ ఈజ్ ఎ గుడ్‌నేచర్డ్..." అనేసరికి కరెంటు పోయి, బయట జనరేటర్ దడదడమంది. అంతే, టక్కున నోరు మూశాను. గాల్లో చెయ్యి గాల్లోనే ఉంది. ఆవిడ నన్ను చూస్తున్నారు, నేను ఆవిడని చూస్తున్నాను. కరెంటొచ్చి ఆ చప్పుడు ఆగగానే "...మ్యాన్, మేడమ్" అన్నాను.

"వై డిడ్ యూ స్టాప్?" అన్నారావిడ. అయిపోయింది, చీరలే గతి అనుకున్నాను. కానీ భయపడ్డానికి తీరికేదీ? "మేడమ్, అవర్ హౌస్, రైల్వే ట్రాక్! గూడ్స్ కమింగ్, వియ్ స్టాప్. గూడ్స్ గోయింగ్, వియ్ టాక్. సెకండ్ నేచర్, మేడమ్!" అనేశాను. బట్టీ కొట్టకుండా నా నోట్లోంచి ఊడిపడ్డ మొట్టమొదటి ఇంగ్లీషది. ఆవిడ కళ్లజోడు తీసి మరీ నవ్వారు. "ఇక్కడికొచ్చేవాళ్లంతా ఒకళ్ల మీద ఒకళ్లు అరుస్తారమ్మా. ఆగడం తెలిసినదానివి, సోమవారం వచ్చెయ్" అన్నారు.

పెళ్లయ్యాక ఇప్పుడు మేమిద్దరం పట్టాలకు దూరంగా, కూర్మన్నపాలెంలో ఉంటున్నాం. ఇంగ్లీషు గడగడా వస్తోంది. ఆనాటి నా ఇంగ్లీషు తలుచుకుంటే మాత్రం నవ్వూ వస్తుంది, ముద్దూ వస్తుంది. నిన్న కంచరపాలెం నుంచి అమ్మ ఫోన్ చేసి "సేపలు తెచ్చాడు మీ నాన్న. పులుసు పెడతన్నాను. నువ్వు..." అని ఆగిపోయింది. "కట్టయిందా?" అన్నారు మావారు. ఉండమని చెయ్యెత్తాను. బండి పోయాక "...వత్తన్నావా?" అంది అమ్మ.

"వత్తన్నానమ్మా" అన్నాను.