గడ్డి మోయని పికప్

దుబాయ్ అవతల రాస్ అల్ ఖైమాలో క్వారీల దారి పక్కన ఒక గ్యారేజీలో మెకానిక్‌గా చేసేవాణ్ణి. అక్కడికి ఆ ఊరి అరబ్బు ముసలాయన ఒకడు తన పాత పికప్ తెచ్చేవాడు. నేను పుట్టకముందటి బండి అది. మేమంతా ఆయన్ని బాబా అనేవాళ్లం. కొండ కింద ఆయనకు మేకల దొడ్డి ఉండేది. గడ్డిమోపులు, నీళ్ల డ్రమ్ములు ఆ బండిలోనే వేసుకుపోయేవాడు. పక్కసీట్లో ఎప్పుడూ ఆయన భార్య ఉండేది. బరువుకు వెనక కుంగుతోందంటే, ఒకసారి నేనే వెనక చక్రాల మీద బరువు మోసే కమాన్‌కట్టల్లో అదనంగా ఇనప పట్టీలు వేసి ఎత్తు పెంచాను.

కరోనా మొదలైన ఏడు జగిత్యాల దగ్గర మా ఊళ్లో నా భార్య చనిపోయింది. బావమరిది ఫోన్ చేశాడు.

"ఏం జేస్తం బావా, విమానాలు బందైనయంట. మేము జూసుకుంటం. నువ్వు పైలం."

మర్నాడు పనికి వెళ్లాను. గదిలో ఉండడం కన్నా అదే నయమనిపించింది.

కొన్ని నెలల తర్వాత బాబా వచ్చాడు. బండి ఖాళీగా ఉంది, వెనక భాగం పైకి లేచి ఉంది.

"సదీక్, వెనక దించు," అన్నాడు. మాతో ఆయన మాట్లాడేది అరబ్బీ కలిసిన హిందీ; సదీక్ అంటే స్నేహితుడు.

"దించితే గడ్డి వేసినప్పుడు కిందికి తగులుతుంది బాబా."

"మేకలు అమ్మేశాను. ఖలాస్. ఖాళీ బండి గుంతల్లో ఎగిరెగిరి పడుతోంది, నడుము పోతోంది."

పక్కసీటు చూసి, "అమ్మ బాగుందా?" అని అడిగాను.

"కరోనాలో పోయింది. ఆస్పత్రిలోకి నన్ను రానివ్వలేదు."

జాకీ తెచ్చాను. చక్రాలు తీసి, తుప్పు పట్టిన బోల్టులకు నూనె కొట్టి, కమాన్‌కట్టలు దించాను. పట్టీల సందుల్లో మట్టి, ఎండుగడ్డి పరకలు బిగుసుకుపోయి ఉన్నాయి. రెండువైపులా నేను వేసిన పట్టీలు తీసేసి, మిగతావి శుభ్రం చేసి కట్ట కట్టాను. ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని చూస్తూ కూర్చున్నాడు. జాకీ వదిలితే వెనక భాగం మెల్లగా దిగి, ముందుతో సమానంగా నిలబడింది.

"యల్లా, ఎక్కు. చూద్దాం," అన్నాడు.

ఆ పక్కసీట్లో కూర్చోవడానికి మనసొప్పలేదు. ఆయన తలుపు తెరిచి పట్టుకున్నాడు. ఎక్కాను.

క్వారీ లారీలు చెడగొట్టిన రోడ్డు అది. గుంతలో పడినప్పుడు బండి ఎగరలేదు, మెత్తగా ఊగి సర్దుకుంది. కొంతదూరం పోయాం. తర్వాత ఆయన అన్నాడు:

"ఆమె ఉన్నప్పుడే చేయించాల్సింది. నడుము నొప్పి అంటూనే ఉండేది. నేను గడ్డి సంగతే చూశాను."

అప్పటిదాకా గ్యారేజీలో ఎవరికీ చెప్పని మాట నా నోట్లోంచి వచ్చేసింది.

"బాబా, నా భార్య కూడా పోయింది."

ఆయన బండి పక్కకు తీసి ఆపాడు.

"వెళ్లావా?"

"విమానాలు లేవు."

తన భాషలో ఏదో ప్రార్థన చదువుకున్నాడు. నావైపు తిరిగి, "ఆమె పేరేమిటి?" అన్నాడు.

చెప్పాను. ఆయనకు నోరు తిరగలేదు. మళ్లీ చెప్పమన్నాడు. ఊరినుంచి ఫోన్ వచ్చిననాడు రాని ఏడుపు అప్పుడు వచ్చింది. ఆయన ఊరుకోమనలేదు. స్టీరింగు మీద చేతులు పెట్టి, రోడ్డు చూస్తూ కూర్చున్నాడు.

గ్యారేజీకి తిరిగొచ్చాక, "ఒక్క నిమిషం బాబా, బోల్టులు మళ్లీ బిగించాలి," అన్నాను. కట్ట విప్పి కట్టాక కాస్త దూరం నడిపితే అవి వదులవుతాయి. బండి కిందికి దూరాను. బిగించాల్సినవన్నీ బిగించాను. అయినా పైకి రాబుద్ధి కాలేదు, వెల్లకిలా అలాగే పడుకున్నాను.

ఆయన పాదాలు చక్రం పక్కన కనిపిస్తున్నాయి. ఎందుకింతసేపని ఆయన అడగలేదు.