హాజరుపట్టీలో మా చెల్లెలు

మా నాన్న ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. క్వార్టర్లలో ఉన్న తెలుగువాళ్లందరి తరఫునా మాట్లాడే మనిషి కూడా ఆయనే. ఆదివారం సాయంత్రం తెలుగు సంఘం రేకుల షెడ్డులో జనం పోగైతే, బల్ల మీద అరచెయ్యి ఆనించి, "ఆపీసరు పిల్లడూ ఖలాసీ పిల్లడూ ఒకే బెంచీ మీద కూకోవాల. గవర్మెంటు బడంటే అందరిదీ" అనేవాడు. అరవైల్లో, ఢిల్లీలో ప్రభుత్వం వేసిన కమిషనేదో ఇదే మాట అన్నదని పేపర్లో పడింది. ఒక వీధి పిల్లలంతా, ఉన్నవాళ్లయినా లేనివాళ్లయినా, ఆ వీధి బడికే పోవాలన్నది దాని సారం. తెలుగు పేపరు మాకు మెయిలు బండిలో ఒక రోజు ఆలస్యంగా వచ్చేది. నాన్న ఆ ముక్క కత్తిరించి, మడతల దగ్గర చిరిగేదాకా చొక్కా జేబులో పెట్టుకు తిరిగాడు.

ఆయన పెద్దకూతురిని నేను, రైల్వే బడిలో తెలుగు సెక్షన్‌లో చదివేదాన్ని. నాకంటే ఏడాదిన్నర చిన్నదైన చెల్లెలు కాన్వెంటులో చదివేది. ఇదేమిటని అడిగితే, "నిన్ను బడిలో ఏసినప్పటికి నాకు ప్రమోషన్ రాలేదు" అనేవాడు. అది నిజమే. నిజమే గానీ జవాబు కాదు. ప్రమోషన్‌తో జీతం మారింది, చెల్లెలి బడి మారింది, ఆదివారం ఉపన్యాసం మాత్రం మారలేదు.

నేను ఆరు ప్యాసయ్యేసరికి ఏడో తరగతి తెలుగు సెక్షన్ ఉంటుందా ఊడుతుందా అన్న ప్రశ్న వచ్చింది. ఇరవై మంది ఉంటేనే సెక్షన్. మేము పదిహేను మందిమి. జీతం పెరిగినవాళ్లు పిల్లల్ని కాన్వెంటుకి మార్చారు, మిగిలినవాళ్లలో కొందరు శ్రీకాకుళం వైపు అమ్మమ్మల దగ్గరికి పంపేశారు. సెక్షన్ మూస్తే మేము హిందీ సెక్షన్‌లో కూర్చోవాలి. గోల్‌బజార్‌లో చేపలు బేరం చేసేటంత హిందీ నాకు వచ్చు. ఆ హిందీతో చరిత్ర పరీక్ష రాయలేను. మా అమ్మకి ఆ ఇబ్బంది కూడా లేదు. "మూసేస్తే మానేస్తాది. ఉత్తరం ముక్క రాయగలదు, సాలు" అని నా ఎదుటే అనేది. అంటే నా చదువంతా ఐదు పేర్ల మీద ఆగింది.

ఇన్‌స్పెక్షన్‌కి రెండు రోజుల ముందు తెలుగు మేష్టారు మా ఇంటికి వచ్చారు.

"ఫిట్టరు బాబూ, ఐదుగురు తక్కువ పడినారు. గురువారం కలకత్తా నుంచి ఇన్‌స్పెక్టరు వస్తన్నాడు."

"మన మెంబర్ల పిల్లలంతా ఏటయినారు మేష్టారూ?"

"కాన్వెంటుకెళ్తన్నారు బాబూ." మేష్టారు మంచం మీద కూర్చుని మ్యాపుకి రంగులేస్తున్న చెల్లెలి వైపు చూశారు. "మీ సిన్నపాపతో కలిపి."

నాన్న కాసేపు బీడీ కోసం వెతికాడు. అది చెవి మీదే ఉంది. "ఒక్క రోజుకైతే పంపుతాను" అన్నాడు చివరికి.

"నాకు కావలసిందీ ఒక్క రోజే."

నేను ఊరుకోలేదు. "రోజూ పంపితే ఈ దొంగపనెందుకు నాన్నా?"

"నువ్వు నోర్ముయ్యే" అంది అమ్మ. "నీ బడి కోసమే కదే ఈ తిప్పలు."

గురువారం కాన్వెంటు పిల్లలు ఐదుగురూ మా క్లాసుకి వచ్చారు. అందరికీ పాత బట్టలు తొడిగారు. చెల్లెలు నా పాత నీలం గౌనులో ఉంది. మాలో బూట్లున్నవాళ్లు లేరు కనుక వాళ్ల బూట్లూ మేజోళ్లూ విప్పించారు. విప్పించినా, మోకాలి కింద మేజోడు దాచిన మేర తెల్లగా, దానిపైన నల్లగా, ఐదు జతల కాళ్లూ అబద్ధం చెబుతూనే ఉన్నాయి. మేష్టారు వాళ్లని వెనక బెంచీ మీద సర్ది, "పేరు పిలిస్తే హాజర్ అనండి. మరింకేటీ మాటాడకండి" అని రెండుసార్లు చెప్పారు. ఇన్‌స్పెక్టరు లోపలికి వచ్చినప్పుడు ఏం చెయ్యాలో మాత్రం చెప్పలేదు. మేము చేతులు జోడించి లేస్తాం, నోరు తెరవం. అది పిల్లలందరికీ తెలిసిన సంగతే అనుకున్నారు ఆయన.

ఇన్‌స్పెక్టరు గుమ్మం దాటాడు. వెనక బెంచీ ఒక్కసారిగా లేచి, రాగం తీస్తూ, "గుడ్ మార్నింగ్, సా...ర్" అంది.

మేష్టారి చేతిలో సుద్దముక్క రెండయింది. హెడ్మాస్టరు కిటికీలోంచి బయటకు చూశాడు.

ఆ ఇన్‌స్పెక్టరు బెంగాలీ పెద్దమనిషి. తెలుగు సెక్షన్ ఉండాలో పోవాలో తేల్చడానికి వచ్చినవాడికి తెలుగులో ఒక్క అక్షరం రాదు. బల్ల మీది తెలుగు వాచకం తీసి, రెండు పేజీలు తిప్పి, మర్యాదగా మూసేశాడు. ముందు బెంచీలో ఉన్న నన్ను ఇంగ్లీషులో ఏదో నది పేరు అడిగాడు. నాకు తెలుసు. వాక్యం కూర్చుకుంటున్నాను. ఈలోగా ఆయన వెనక బెంచీకి వెళ్లిపోయాడు. మా చెల్లెల్ని తండ్రి ఏం చేస్తాడని అడిగాడు.

"మై ఫాదర్ ఈజ్ ఎ ఫిట్టర్, సర్" అంది, తడుముకోకుండా.

ఆయన అక్కడే నిలబడిపోయాడు. "ఖూబ్ భాలో", చాలా బాగుంది, అన్నాడు. ఫిట్టరు కూతురు, రైల్వే బడిలో, ఇంత ఇంగ్లీషు. సర్కారు బళ్లలో చదువు లేదనేవాళ్లని ఇక్కడికి తీసుకురావాలి అని హెడ్మాస్టరుతో అని, తనిఖీ పుస్తకంలో అదే రాశాడు. సెక్షన్ నిలబడింది.

ఒక్క రోజుతో పోలేదు. పట్టీలో ఎక్కిన పేరు పట్టీలో ఉండాలి, పిలిచినప్పుడు ఎవరో పలకాలి. చెల్లెలి పేరు నా వాటాకి వచ్చింది. మొదటి వారం గొంతు మార్చి హాజర్ అన్నాను, తర్వాత ఆ శ్రమ మానేశాను. మా చెల్లెలు ఆ బడికి ఒక్కరోజు నాగా పెట్టలేదు. నాకు జ్వరం వచ్చిన రోజునే దానికీ వచ్చేది. మేష్టారు దాన్ని ఏటేటా ప్యాసు చేశారు, ఎప్పుడూ నాకంటే నాలుగు మార్కులు తక్కువతో. వయసుకి మర్యాద ఇచ్చారేమో.

ఆ ఆదివారం నాన్న షెడ్డులో ఇన్‌స్పెక్టరు మాటలు చదివి వినిపించాడు. మన బడి కాన్వెంటుకేం తీసిపోదన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. వాళ్లలో నలుగురు ఆ వెనక బెంచీ పిల్లల తండ్రులే. రాత్రి అన్నం దగ్గర నేను అందుకున్నాను.

"ఆ ఇంగ్లీషు ఏ బడిది నాన్నా?"

"షెడ్డులో సెప్పింది అందరి కోసం. ఇంట్లో సేసింది సిన్నదాని కోసం. రెండూ తప్పు కాదు."

"మరి నా కోసం సేసిందేటి?"

ఆయన ముద్ద కలుపుతూ, తల ఎత్తకుండా, "నీ కోసమే కదే ఆ రోజు దాన్ని పంపినాను" అన్నాడు.

కాలేజీ చదివాను, విద్యావిధానం మీద సభల్లో చాలామంది నోళ్లు మూయించాను, ఆ ఒక్క మాట దగ్గర మాత్రం ఇప్పటికీ తడుముకుంటాను. మీ పిల్లల్ని ఎక్కడ చదివించారని సభలో ఎవరైనా అడిగితే ఫీజు కట్టే బడిలోనే అని చెబుతాను. అడగనివాళ్లకి చెప్పను. ఈ విషయంలో నాన్న పోలికే.

ఆఖరి ఏడు, బోర్డు పరీక్షకి దొంగపేర్లు పంపడం కుదరదు కనుక, ఆ ఐదుగురికీ మేష్టారు టీసీలు రాసేశారు. చెల్లెలి కాగితం నేనే తెచ్చి ఇచ్చాను. నడవడి: మంచిది. హాజరు: క్రమం తప్పనిది. అది చదువుకుని, "ఒలమ్మ, నేనింత బుద్ధిమంతురాలినా" అని, కాన్వెంటు పుస్తకాల మధ్య పెట్టుకుంది. నా టీసీ పట్టుకుని నేను కాలేజీలో చేరాను.

ఆ ఏడే తెలుగు సెక్షన్ మూసేశారు. మా తర్వాతి క్లాసులో, లేనివాళ్ల పేర్లకి హాజర్ పలకడానికి సరిపడా కూడా ఉన్నవాళ్లు లేరు.