నల్లగుడ్డ కప్పిన బకెట్టు

మద్దిలపాలెం దగ్గరి కాలేజీలో చేపల కళ్ల మీద పనిచేసే మేడం గారు మొన్న పోయారు. జాలరిపేట ఒడ్డున నేను చేపలు అమ్ముకుంటుంటే, ఆవిడ దగ్గర చదువుకునే అమ్మాయి ఫోన్ చేసింది. "పొద్దున్న టీ పెట్టుకుంటూ కూలబడిపోయారు మామ్మా" అంది. "ఎవలైనా సరిగ్గా సూసేరా? పేనం ఉందేటో" అన్నాను. అలా అడిగినందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

మూడో తరగతితో ఆపేసిన దాన్ని. నా రాతలో తప్పులుంటే మన్నించండి.

ఆవిడకి బతికున్న చేపలు కావాలి. సముద్రపు నీళ్ల బకెట్టులో వేసి, మూతపెట్టి, పైన ఆవిడ ఇచ్చిన నల్లగుడ్డ కప్పి ఆటోలో తీసుకెళ్లేదాన్ని. వాటికి వెలుగు తగలకూడదు. తగిలితే కంటి వెనక పొర శుభ్రంగా ఊడిరాదు, చిరిగిపోతుందట. "చేపనే కాదమ్మా, చీకటిని కూడా తేవాలి మీరు" అనేవారు.

మా బేరమంతా ఎండలోనే కదా. మొప్ప ఎత్తి, కన్ను వెలుగుకి తిప్పి చూపిస్తేనే కొంటారు. చూడకుండా చేపని నమ్మడం మా వాళ్లకి రాదు. పైగా నాకు బెంగ. ఆటో గతుకులో పడినప్పుడల్లా గుడ్డ తీసి, మూత ఎత్తి చూసేదాన్ని.

ఒకరోజు ఆవిడ కూడా అదే ఆటో ఎక్కారు. అలవాటుగా నా చెయ్యి గుడ్డ మీదకి పోయింది.

"ఏంటమ్మా అది?"

"సచ్చిపోయేయేటోనని సూత్తన్నాను మేడం గారూ."

"రోజూ చూస్తారా?"

నేను గుడ్డ మళ్లీ కప్పేశాను. ఆటో అబ్బాయే అందుకున్నాడు. "ఈ మామ్మ అన్నం కుండ మూత కూడా తీసి తీసి సూత్తాది మేడం. ఆలింట్లో అన్నం ఉడకదు."

ఆవిడ నవ్వేశారు. "ఇన్నాళ్లూ పొర చిరిగిపోతుంటే నా చేతి పనితనమే పోయిందనుకుంటున్నానండీ" అన్నారు. తిట్టినా బాగుండేది. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆ దారిలోనే చెప్పారు. కంటి పొరలో కంటికి కనపడనంత చిన్న గదులు, వాటి గోడలకి తలుపులు ఉంటాయట. సముద్రంలో ఉండే ఉప్పే ఆ తలుపుల్లోంచి లోపలికీ బయటికీ తిరుగుతుంది, దాంతోపాటు కాస్త కరెంటూ పోతుంది. వెలుగు పడితే కొన్ని తలుపులు మూసుకుని గదిలో కరెంటు పడిపోతుంది. మరీ పడిపోతే ఇంకో రకం తలుపు ఆ సంగతి తనే కనిపెట్టి, తెరుచుకుని, మళ్లీ పైకి లాగుతుంది. ఎవరూ కాపలా ఉండక్కర్లేదు. ఆవిడ గాజు సూదులతో చూసేది ఆ తలుపునే.

"నా గుండెకి ఆ తలుపు లేదేటి మేడం గారూ? బెంగొత్తే ఓ పట్టాన పోదు."

"గుండెకీ ఉందండీ. మీరే మూత తీసి చూస్తూ దాని పని దాన్ని చేసుకోనివ్వరు."

ఆ తర్వాత చేపలు కావాల్సిన రోజు ఆవిడే ఒడ్డుకి వచ్చేవారు. చీర తడుస్తున్నా ఆటోలో బకెట్టుని ఒళ్లో పెట్టుకుని, మూత మీద చెయ్యి వేసుకు కూర్చునేవారు. అంత చదువుకున్నావిడ నా మూలంగా చేపల నీళ్లు మోస్తుంటే నేను బయటికి చూస్తూ కూర్చునేదాన్ని.

మొన్న, రాజమండ్రి నుంచి మేడం గారి అక్కగారు రావాలని ఆవిడని ఐసు పెట్టెలో ఉంచారు. చేపల కంపుతోనే వెళ్లి గుమ్మంలో నిలబడిపోయాను. ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. కిటికీలోంచి ఎండ అద్దం మూత మీద, సరిగ్గా ఆవిడ కళ్ల దగ్గర పడుతోంది. నా సంచిలోని నల్లగుడ్డ తీసి అక్కడ పరిచాను.

"నల్లగుడ్డేటి ఇక్కడ?" అన్నారెవరో.

"ఉండనీండి. అది మేడం గారిదే" అంది ఆ అమ్మాయి.

పక్కనే కింద కూర్చున్నాను. కాసేపటికి నా కుడి చెయ్యి దానంతటదే లేచి గుడ్డ అంచు దాకా వెళ్లింది. ఆ పిల్ల చూసింది. అక్కగారు వచ్చేదాకా ఆ చేతిని ఎడమ చేత్తో ఒళ్లో పట్టుకుని కూర్చున్నాను.